తాత కాసు, మనవడి కాసు

"దొంగ దొరికిండన్నా. మావోరీ మనిషి. పొడుగ్గ ఉంటడు, టోపీ పెట్టుకుంటడు. ఈ ఇంటి గేటు కాడ మూడుసార్లు కనపడ్డడు."

ఉదయభాస్కర్ ఇంకా బూట్లు కూడా విప్పుకోలేదు. గుమ్మం బయట ఒంటికాలి మీద నిలబడి రెండో కాలి లేసుతో కుస్తీ పడుతున్నవాడు తలెత్తి చూశాడు. ఎదురుగా వినీత్. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున దర్యాప్తుకొచ్చిన కుర్రాడు. చేతిలో ట్యాబ్లెట్, మొహంలో చేదు ట్యాబ్లెట్ మింగిన గాంభీర్యం.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఇంకెవరు, కుసుమాంటీనే. నిన్న సాయంత్రం ఫోన్ చేసింది. ‘మావోరు వచ్చారు బాబూ, గేటు దగ్గర నిలబడ్డారు, ఇంట్లోకే చూస్తున్నారు’ అని ఒకటే ఏడుపు. వచ్చారు, నిలబడ్డారు అన్నది. అంటే ఒక్కడు గాదు. తక్కువల తక్కువ ఇద్దరు."

"రెండోవాడు ఎలా ఉంటాడట?"

"అది చెప్పలే. దాక్కున్నడు గావచ్చు."

ఉదయభాస్కర్ బూటు విప్పి గోడవార పెట్టాడు. "ఈ మౌంట్ రాస్కిల్ పేటలో రాస్కెల్ ఎవరో ఇంత చులాగ్గా తేలిపోయిందంటే నాకెందుకో మింగుడుపడటం లేదు నాయనా."

"జోకులు బంద్ చెయ్యన్నా. పోయినసారి నీ జోకులు తట్టుకోలేకనే ఆ హామిల్టన్ పార్టీ నిన్ను తీసేసి నన్ను పెట్టుకున్నడు."

ఉదయభాస్కర్‌కి యాభై నాలుగేళ్ళు. పేరులో ఉదయం ఉందే గానీ పొద్దెక్కేదాకా లేవడు. ఒకప్పుడు విజయవాడలో బీమా సర్వేయరు. ఇప్పుడు న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో లైసెన్సున్న ప్రైవేటు డిటెక్టివ్. భయం వేస్తే నలుగురూ ఆంజనేయ దండకం చదువుకుంటారు. అతను శ్లేషలు వేసుకుంటాడు. ఈ ఇంటి గేటు తీసిన క్షణం నుంచీ అతని నోరు ఆగడం లేదు.

ఆగకపోవడానికి కారణం ఉంది. పట్టపగలు ఇంట్లో కిటికీ తెరలన్నీ మూసేసి ఉన్నాయి. హాల్లో కుసుమగారి భర్త రాజారావు ఫొటో, దాని ముందు దీపం. ఫొటోలో రాజారావు టోపీ పెట్టుకుని, కొంచెం ముందుకు వంగి, ఎదుటివాళ్ళ జేబులో ఏ నాణెం ఉందో కనుక్కోబోతున్నట్టు చూస్తున్నాడు. ఆ చూపు గదిలో ఎటు వెళితే అటు వస్తోంది.

రాజారావు పోయి మూడు వారాలు. పాల ఫ్యాక్టరీల్లో ఇంజనీరుగా చేసి రిటైరైనవాడు. పిల్లల్లేరు. ఆయన ప్రాణం రెండు నాణేల మీద ఉండేది. ఒకటి 1935 నాటి వైతాంగి క్రౌన్ అనే వెండి నాణెం. ఈ దేశపు తొలి జనమైన మావోరీల నాయకుడొకడు, ఒక ఇంగ్లీషు దొర చేతులు కలుపుతున్న బొమ్మ ఉంటుంది దాని మీద. అచ్చువేసిందే వెయ్యి పైచిలుకు. తొంభై ఏళ్ళ గాలికి నల్లగా నిగ్గుదేలి, ఎర్ర మఖమల్ పెట్టెలో పడుకుని ఉండేది. రెండోది ఆ పాత నాణేనికి గౌరవంగా ఈమధ్య విడుదల చేసిన వెండి స్మారక నాణెం. అదే కరచాలనం, అదే సైజు, కొత్త సంవత్సరం. అద్దంలా మెరుస్తూ గుండ్రటి ప్లాస్టిక్ డబ్బాలో ఉండేది. రాజారావు మొదటిదాన్ని తాత అనేవాడు, రెండోదాన్ని మనవడు.

ఆయన పోయాక, పాలసీ తిరగరాయించడానికి మఖమల్ పెట్టె తెరిస్తే తాత లేడు. తాత పరుపు మీద మనవడు పడుకుని ఉన్నాడు.

"ఇదే పాయింటన్నా," అన్నాడు వినీత్. "ఇంట్ల ఉన్న కొత్త కాసును ఆంటీ అంకుల్ నుదుటి మీద పెట్టి పంపించేసింది. అది అంకుల్‌తోనే కాలిపోయింది. మరి పెట్టెల ఈ కొత్తది ఏడికెల్లి వచ్చింది? ఎవరో ఇంకోటి కొని తెచ్చి, దీన్ని పెట్టి, పాతదాన్ని లేపేసిన్రు. ఆ గదిలకి పోయేది ఆంటీ, అంకుల్, మనస్విని. అంకుల్ లేడు. ఆంటీ తీయదు. మిగిలిందెవరు? గేటు కాడ నిలబడ్డోడు ఆ పిల్ల మనిషి. ఐదింటికి కంప్లయింట్ పంపిస్త."

సోఫా చివర ముడుచుకుని కూర్చున్న అమ్మాయి అప్పుడు తలెత్తింది. మనస్విని. కరీంనగర్ అమ్మాయి. రాజారావు మంచం పట్టిన నాలుగు నెలలూ ఏజెన్సీ తరఫున వచ్చి ఆయనకు స్నానం, మందులు, అన్నం చూసుకున్న పిల్ల.

"సార్, నా రెసిడెన్సీ ఫైల్ ఇమిగ్రేషనోళ్ళ కాడ ఉన్నది," అంది ఉదయభాస్కర్‌తో. గొంతు వణకలేదు. వణికి వణికి అలసిపోయిన గొంతు అది. "పోలీస్ కంప్లయింట్ పడ్డదంటే క్యారెక్టర్ చెక్ కాడనే ఆగిపోతది. ఉత్త చేతులతోని ఇంటికి పోవాలె. దొంగ అన్న పేరు మాత్రం నా వెంట వస్తది."

"నువ్వు ఆ కాసుల్ని ముట్టుకున్నావా తల్లీ?"

"ఒక్కసారి గూడ ముట్టలే. అంకులే ముట్టనియ్యకపోతుండె. చెమట పడితే పాడైతదట. ఆఖరి వారం మాత్రం రెండు పెట్టెలూ ఒళ్ళో పెట్టించుకునేటోడు. కళ్ళు సరిగ్గ అగుపడకపోతుండె. రెండు కాసులు రెండు అరచేతుల్ల పెట్టుకొని, ‘తాతా మనవలు మాట్లాడుకుంటున్నరు, నువ్వు బయటికి పోమ్మా’ అనేటోడు. మళ్ళ ఆయనే లోపల పెట్టి మూతలు వేసేటోడు. నేను మూతలు వేసిన పెట్టెలు తీసుకపోయి బీరువాల పెట్టిన. అంతే సార్."

"చూసినవా, పెట్టెలు ముట్టిన అని ఒప్పుకున్నది," అన్నాడు వినీత్.

"పెట్టె ముట్టినవాళ్ళంతా దొంగలైతే విమానాశ్రయంలో పోర్టర్లందరినీ లోపలెయ్యాలి," అన్నాడు ఉదయభాస్కర్. "పద, గది చూద్దాం."

రాజారావు గది తాళం వేసి ఉంది. వినీత్ జేబులోంచి తాళంచెవి తీశాడు. "క్లెయిమ్ వేసిన రోజే కొత్త తాళం వేసిన. ఒక్కటే చెవి, అది నా దగ్గర్నే. అప్పటిసంది ఇదే తెరుచుడు."

తలుపు తెరుచుకుంది. అమృతాంజనం వాసన ముందుగా ఎదురొచ్చింది, మనిషి తర్వాత వస్తాడన్నట్టు. కిటికీలకు లోపలి నుంచి గొళ్ళేలు. బల్ల, కుర్చీ, బీరువా. బల్ల మీద చిన్నచిన్న వలయాల గీతలు. రాజారావుకి మనవడి కాసును బల్ల మీద గిర్రున తిప్పే అలవాటట. డబ్బాతో సహా తిప్పేవాడట.

తలుపు వెనక చిలక్కొయ్యకి ఫొటోలోని టోపీ వేలాడుతోంది. తలుపు పూర్తిగా తెరవడానికి అడ్డొస్తోందని ఉదయభాస్కర్ దాన్ని చేత్తో పక్కకి జరిపాడు. వెంటనే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

టోపీ అంచు తడిగా ఉంది.

నిన్నంతా వాన. పైకప్పు చూశాడు. మరక లేదు. గోడ తడిమాడు. పొడిగా, చల్లగా ఉంది. అరచెయ్యి ప్యాంటుకు తుడుచుకుని గొంతు సవరించుకున్నాడు. "టోపీ పెట్టేవాళ్ళని చాలామందిని పట్టుకున్నాను గానీ, తడిసిన టోపీని పట్టుకోవడం ఇదే మొదలు."

"అది ఎవిడెన్స్ గాదన్నా. పక్కకు జరుగు," అన్నాడు వినీత్ బీరువా తెరుస్తూ.

మఖమల్ పెట్టెలో మనవడు మెరుస్తున్నాడు. ఉదయభాస్కర్ జేబులోంచి భూతద్దం తీశాడు. కరచాలనం చేస్తున్న ఇద్దరి మొహాల మీదా బొటనవేళ్ళ మరకలు. అడ్డదిడ్డంగా, ఒకదాని మీద ఒకటి.

"ఇది చూడు. కొత్తది కొనుక్కొచ్చి పెట్టిన దొంగ దీన్నిలా పసిపిల్ల బుగ్గల్లా నిమురుతాడా? ఇవి ప్రేమ మరకలు."

"ప్రేమ మీద క్లెయిమ్ రాదన్నా."

"క్లేశం వస్తుంది." ప్లాస్టిక్ డబ్బా తీసి వెలుతురుకు పట్టుకున్నాడు. ఖాళీ డబ్బా. లోపలి అంచున సన్నటి నల్లని మసక. వేలితో రాస్తే వేలికి అంటింది. "అద్దంలాంటి కొత్త కాసు పడుకున్న చోట ఈ నలుపెక్కడిది?"

"దుమ్ము."

"మూతేసిన డబ్బాలోకి దుమ్మా?"

వినీత్ ట్యాబ్లెట్ కిందికి దించాడు. "అన్నా, నీకొక మాట చెప్త. ఆంటీ నిన్ను పిలిచింది ఆ పిల్ల మీద జాలితోని. నువ్వు వచ్చింది నా మీద కోపంతోని. ఇద్దరి మధ్యల నిజం నా ఫైల్ల ఉన్నది. ఇంకో గంటల పంపిస్త. అడ్డం రాకు."

"నీ ఫైల్లో ఉన్నది బొమ్మ. నేను వెతుకుతున్నది బొరుసు."

*

కుసుమగారు పూజ అలమార ముందు చాప మీద కూర్చుని ఉన్నారు. అరవై దాటిన మనిషి, కాకినాడ వైపు. మూడు వారాల్లో సగమైపోయారు. ఉదయభాస్కర్ ఆవిడ ఎదురుగా కింద కూర్చున్నాడు. మోకాళ్ళు రెండు వేర్వేరు రాగాల్లో మొరపెట్టుకున్నాయి. గుమ్మంలో వినీత్, అతని వెనక మనస్విని.

"గేటు దగ్గర ఎవర్ని చూశారమ్మా?"

ఆవిడ కళ్ళు దీపం మీదే ఉన్నాయి. "మావార్ని."

ఉదయభాస్కర్ ఆ మాటను లోపలే మరోసారి పలికి చూసుకున్నాడు. తర్వాత ఏదో అర్థమై మీసాల కింద నవ్వు కదిలింది. గుమ్మంలో వినీత్ ‘విన్నవా?’ అన్నట్టు తలూపాడు. ఉదయభాస్కర్ నవ్వును మీసాల్లోనే దాచుకున్నాడు. దానికింకా వేళ కాలేదు.

"ఎలా గుర్తుపట్టారు?"

"ముప్పైతొమ్మిదేళ్ళు కాపురం చేశాను నాన్నా. మొదటిసారి తెర సందులోంచి చూశాను. మసక చీకటి, కళ్ళజోడు లేదు. గేటు అవతల నిలబడి ఉన్నారు, చేతులు రెండూ ఇలా ముందుకు పట్టుకుని. ఏదో ఇవ్వడానికో, ఏదో అడగడానికో. తలుపు తీసే ధైర్యం లేక దీపం దగ్గరికి పారిపోయాను. మళ్ళీ వచ్చి చూస్తే లేరు. రెండోసారీ అంతే. నిన్న వానలో వచ్చారు. టోపీ పెట్టుకుని, అలాగే వంగి." చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "గేటు దాటరు. లోపలికి రారు. కాసు కోసమే బాబూ. తాత కాసు లేకుండా ఆయనకి అక్కడ కాలు నిలవడం లేదు. ఆ పిల్ల తియ్యలేదు, అది నాకు తెలుసు. ఎవరు తీశారో ఆయన్నే అడగాలి. అడగడానికి నాకు నోరు రావడం లేదు."

దీపం వత్తి చిటపటలాడింది. ఉదయభాస్కర్ వెనక్కి తిరిగి చూడకూడదనుకుంటూనే చూశాడు. హాల్లోంచి ఫొటో ఇటే చూస్తోంది.

"అమ్మా, నుదుట పెట్టిన కాసు సంగతి చెప్పండి. మొదట్నుంచీ."

"ఏముంది చెప్పడానికి? నుదుట వెండి కాసు పెట్టి సాగనంపాలి కదా. ఈ దేశంలో చిల్లరంతా పచ్చగా ఉంటుంది, లేకపోతే ఇనుము. వెండి ఎక్కడ తెస్తాం? తాత జోలికి వెళితే ఆయన ఆత్మ ఊరుకోదు. అందుకని మనవడినే తీశాను."

"ఏ పెట్టెలోంచి?"

"ప్లాస్టిక్ డబ్బాలోంచే. మనవడు ఉండేది అందులోనేగా."

"తీసి?"

"తీసి చూస్తే నల్లగా ఉంది. పోయిన ఏడు రోటొరువా వెళ్ళినప్పుడు ఆయన ఆ డబ్బా జేబులో వేసుకుని తిరిగారులెండి. అక్కడ నేలలోంచి వచ్చే గంధకం పొగకి వెండి ఇట్టే నల్లబడిపోతుంది. మా చెల్లెలు ఆ ఊళ్ళోనే ఉంటుంది, దాని కుందులు వారానికోసారి తోమాలి. ఇదీ అలాగే అయిందనుకున్నా. నల్లకాసు నుదుట పెట్టి పంపితే నలుగురూ ఏమనుకుంటారు? సింకు దగ్గర నిలబడి చింతపండు పెట్టి తోమాను. ఎంత తోమితే అంత నల్లనీళ్ళు. విభూతి కూడా వేసి రుద్దాను. అప్పుడు తళతళలాడింది. ఆయనకి నేను చేసిన ఆఖరి పని అదే."

ఉదయభాస్కర్ తన వేలికంటిన నలుపును చూసుకున్నాడు.

"కొత్త కాసుకి చింతపండెందుకమ్మా?" అన్నాడు ఉదయభాస్కర్ మెల్లగా.

ఆవిడ అర్థం కానట్టు చూశారు.

"మూతేసిన డబ్బాలో ఉన్న కొత్త వెండి. రోటొరువా అంతా తిప్పినా అంత నలుపు రాదు, ఒక్క ఏడాదిలో అసలే రాదు. సింకు నిండా నల్లనీళ్ళు కారాలంటే తొంభై ఏళ్ళ నలుపు కావాలి." వినీత్ వైపు తిరిగాడు. "రెండో కొత్త కాసు ఎవరూ కొనలేదు నాయనా. ఉన్నవి రెండే. ఆఖరి వారంలో కళ్ళు కనిపించని రాజారావు తాతని మనవడి డబ్బాలో పెట్టాడు, మనవడిని తాత పరుపు మీద పడుకోబెట్టాడు. అమ్మగారు డబ్బా చూసి మనవడనుకుని తాతని తీశారు. తాతకి తలంటు పోసి నుదుటెక్కించారు. దొంగా లేడు, దొంగతనమూ లేదు."

కుసుమగారి చెయ్యి నోటి దగ్గర నుంచి జారిపోయింది. "అంటే... ఆయన నుదుట పెట్టింది..."

"తాతనే."

ఆవిడ ఏడవలేదు. కాసును తోమిన అరచేతులు తిప్పి చూసుకున్నారు.

వినీత్ ఒప్పుకోలేదు. "కథ బాగున్నదన్నా. కథే. ప్రూఫ్ ఏది? అట్లనే అయితే తాత కాలిపోయిండు. కాలిపోయినోడు సాక్ష్యం చెప్పడు. మా ఆఫీసుల చింతపండు మీద ఫైల్ క్లోజ్ చెయ్యరు. నేను పంపకపోతే నా నౌకరి పోతది." ట్యాబ్లెట్ మీద వేలు పెట్టాడు. "సారీ మనస్విని."

మనస్విని అటు చూడటం లేదు. కిటికీ తెర సందులోంచి బయటికి చూస్తోంది. ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఆంటీ," అంది. "గేటు కాడ ఎవరో ఉన్నరు."

*

సాయంకాలపు మబ్బు. గేటు అవతల పొడుగాటి మనిషి, నల్ల కోటు. చేతులు రెండూ ముందుకు పట్టుకుని, ఆ చేతుల్లో ఏదో పెట్టుకుని, కదలకుండా ఇంటివైపే చూస్తూ.

"అదిగో!" అన్నాడు వినీత్. "ఆంటీ, గాయనేనా? మావోరే కదా?"

కుసుమగారు కిటికీకి మొహం ఆనించి, కళ్ళజోడు పెట్టుకున్నారు. "కాదు బాబూ! మావారు కాదు! ఎవరో!"

"అరే, చూస్తనే తెలుస్తలేదా, మావోరే!"

"నా మొగుడు నాకు తెలీదా నాయనా!"

వినీత్ ఒకసారి ఆవిడనీ, ఒకసారి గేటునీ చూశాడు. ఉదయభాస్కర్ అప్పటికే వాకిట్లో ఉన్నాడు, ఒక కాలికి బూటు, ఇంకో కాలికి మేజోడు.

గేటు అవతలి మనిషికి నలభై ఉంటాయి. తలవంచి మావోరీ భాషలో "కియ ఓరా" అని నమస్కారం చెప్పాడు. పేరు హోని. రాజారావుకి అంత్యక్రియలు జరిపించిన సంస్థలో పని. ఇంగ్లీషులో, ఒక్కో మాటా జాగ్రత్తగా కింద పెడుతున్నట్టు మాట్లాడాడు.

దహనానికి ముందు లోహపు వస్తువులు తీసేస్తారు. పెద్దాయన నుదుట ఉన్న నాణెం అతనే తీశాడు. కవరులో పెట్టి, సీలు వేసి, ఇంటికి ఫోన్ చేయించాడు. ఇంట్లోవాళ్ళు ఏం వచ్చినా లోపలికి తేవద్దన్నారట.

వెనకే వచ్చిన కుసుమగారు తలూపారు. "బట్టలో, కళ్ళజోడో అనుకున్నాను. శవం మీదవి ఇంట్లోకి తేకూడదు కదా. ‘డోంట్ బ్రింగ్ ఇన్‌సైడ్’ అన్నాను. అంతే అన్నాను."

"అందుకే లోపలికి రాలేదు," అన్నాడు హోని. "మాకూ అంతే. చనిపోయినవారిని తాకిన వస్తువు టపు, అంటే మామూలుగా ముట్టకూడనిది. పోస్టు డబ్బాలో పడేసి పోకూడదు, మనిషి చేతికే ఇవ్వాలి. గేటు దగ్గర నిలబడి పిలుస్తారేమోనని చూశాను. అమ్మగారు నన్ను చూసి భయపడి లోపలికి వెళ్ళిపోయారు. భయపెట్టడం ఇష్టంలేక వెళ్ళిపోయాను."

కవరు చాపాడు. ఎవరూ అందుకోలేదు. కుసుమగారు చేతులు వెనక్కి పెట్టుకున్నారు. మనస్విని కూడా. చివరికి ఉదయభాస్కర్ తీసుకుని, గేటు స్తంభం మీద పెట్టి సీలు చింపాడు.

తాత బయటికొచ్చాడు. తళతళా మెరుస్తూ. కింద 1935. అక్షరాల సందుల్లో తెల్లటి విభూతి, దాని మీద ఎర్రటి కుంకుమ చుక్క.

వినీత్ వంగి చూశాడు. చూసినకొద్దీ మొహం వాడిపోయింది. "తోమేసిన్రాంటీ... నాణేలోళ్ళకు ఆ నలుపే ప్రాణం. ఇప్పుడిది ఉత్త వెండి లెక్క."

"శుభ్రం చేశానయ్యా," అన్నారు కుసుమగారు. "మురికితో పంపిస్తానా ఆయన్ని?"

వినీత్ ట్యాబ్లెట్ తీశాడు, నాణేనికి ఫొటో తీశాడు, తర్వాత ఫిర్యాదు తెరిచి, మనస్వినికి కనిపించేలా పట్టుకుని, దాన్ని చెరిపేశాడు. "నాదే తప్పు," అన్నాడు. "రాసిస్త గూడ. నీ ఫైల్ల పెట్టుకో." మనస్విని మెట్టు మీద కూలబడి, మోకాళ్ళలో తల దాచుకుంది. మూడు వారాలుగా ఆపుకున్నదంతా భుజాల్లోంచి కదిలింది. కుసుమగారు వెళ్ళి ఆ తల మీద చెయ్యి వేశారు.

హోని కోటు జేబులోంచి చిన్న నీళ్ళ సీసా తీసి చేతుల మీద చిలకరించుకున్నాడు. అది చూసి కుసుమగారు లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి ఉదయభాస్కర్ చేతుల మీద పోశారు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని తలలూపుకున్నారు. స్తంభం మీద తాత, ఎవరూ ముట్టుకోకుండా, చేతులు కలుపుతూనే ఉన్నాడు.

"అంత బాగనే ఉన్నది," అన్నాడు వినీత్ ఉండబట్టలేక. "గానీ ఆంటీ, ఫోన్ల నువ్వే కదా చెప్పినవు, మావోరు వచ్చిన్రని? వచ్చినాయనను చూపిస్తే కాదంటవేంది?"

ఇక ఉదయభాస్కర్ ఆగలేదు. హోనికి అర్థమయ్యేలా ఇంగ్లీషులోనూ, మిగిలినవాళ్ళకి తెలుగులోనూ, చేతులు తిప్పుతూ చెప్పాడు. "మా ఆడవాళ్ళు మొగుణ్ణి పేరుపెట్టి పిలవరు, ‘మావారు’ అంటారు. ఉన్నది ఒక్కడే అయినా గౌరవం కొద్దీ ‘వచ్చారు, నిలబడ్డారు’ అంటారు. మూడుసార్లు గేటు దగ్గర కనిపించారని ఈవిడ చెప్పింది పోయిన భర్త గురించి. ఏడుపు గొంతు, వాన చప్పుడు, ఫోను. మనవాడి చెవిలో ఒక్క దీర్ఘం ఓత్వమైంది. మావారు కాస్తా మావోరయ్యారు. గౌరవానికి వాడిన ‘రు’ పుణ్యమా అని ఇద్దరయ్యారు. వాళ్ళలో ఒకాయన దాక్కున్నాడు కూడా!"

హోని తల వెనక్కి వాల్చి నవ్వాడు. ఏడుస్తున్న మనస్విని ముక్కు తుడుచుకుంటూ నవ్వింది. వినీత్ చెవులు ఎర్రబడ్డాయి. "మా ఇంట్ల నా భార్య నన్ను వినీత్ అనే పిలుస్తదన్నా. నాకెట్ల ఎరుక? హోనీ, సారీ బ్రదర్. నా ఫైల్ల నీ పేరు లేకపోయినా దొంగ లెక్క నువ్వే ఉన్నవు." మూడు వారాల తర్వాత కుసుమగారి పెదవుల మీద కూడా ఏదో కదిలింది.

"కానీ మూడుసార్లు కాదు," అన్నాడు హోని నవ్వు తుడుచుకుంటూ. "ఇవాళ్టికి ముందు నేను వచ్చింది రెండుసార్లే. ఇది మూడోది. నిన్న నేను హామిల్టన్‌లో ఉన్నాను. మా పెద్దమ్మ పోయింది, రోజంతా ఆమె దగ్గరే."

"మరి టోపీ?" అన్నాడు వినీత్.

"నాకు టోపీ లేదే."

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. వినీత్ చెయ్యి తనంతట తానే జేబులోకి వెళ్ళింది. తాళంచెవి అక్కడే ఉంది. ఉదయభాస్కర్ తన కుడి అరచెయ్యి చూసుకున్నాడు. చెంబునీళ్ళ తడి కాదు, అంతకుముందు తాళమేసిన గదిలో టోపీ నుంచి తగిలిన తడి గుర్తొచ్చింది. ఒక శ్లేష కోసం వెతుక్కున్నాడు. టోపీ మీద, వాన మీద, తాళం మీద, దేని మీదైనా సరే. యాభై నాలుగేళ్ళలో మొదటిసారి ఒక్కటీ దొరకలేదు.

కుసుమగారు ఇంటివైపు తిరిగారు. ఆ గొంతులో ఇప్పుడు భయం లేదు.

"మొదటి రెండుసార్లూ నువ్వు విన్నదే నిజం వినీత్ బాబూ. వచ్చింది మావోరే. నిన్న మాత్రం నేను చెప్పిందే నిజం. వానలో తడుస్తూ నిలబడ్డది మావారే."